ముందు వరుస మొనగాడు

రగ్బీలో జెర్సీ మీద 3 నంబరు వేసుకున్నవాడు మెడ అప్పగించి ఆడతాడు. గోల్ కొట్టినవాడి పేరే పేపర్లో వస్తుంది, ఇతని పేరు రాదు. ఆ పనిలో మొనగాడు అనిపించుకున్న ఒక ఫ్రెంచ్ జూడో వీరుడి కథ ఇది.

వాన వెలిసిన పొద్దున మదనపల్లె టమాటా మార్కెట్. నేలంతా చితికిన కాయలతో ఎర్రబడ్డ బురద. క్రేట్లు నిండుగా ఎక్కించుకున్న మినీ లారీ ఒకటి గేటు దాకా వచ్చింది. అక్కడ వెనక చక్రం గుంతలో దిగబడి ఆగిపోయింది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ చక్రం గిర్రున తిరుగుతోంది గానీ బండి అంగుళం జరగడం లేదు. నలుగురు కుర్రాళ్లు వెనక చేరి చేతులు చాచి తోస్తున్నారు. కాళ్లు జారుతున్నాయి. ఒకడు మోకాళ్ల మీద పడ్డాడు. అప్పుడొచ్చాడు, తలకు తువ్వాలు చుట్టుకున్న ఒక నడివయసు హమాలీ. మనిషి బక్కపలచన.

"చేతుల్తో నూకితే యాడ కదుల్తుంది రా! వంగండి. వీపు బల్ల మాదిరి ఉండల్ల. నడుము భుజం కంటే పైకి లేయగూడదు. నేను ఊఁ అన్నంక నూకండి, ముందే కాదు."

ఊఁ అన్నాడు. అయిదు భుజాలు ఒకేసారి తగిలాయి. లారీ ఒక్క కుదుపుతో గుంత దాటి రోడ్డెక్కింది.

ఇప్పుడు ఆ లారీ ఉన్న చోట ఎనిమిది మంది మనుషుల్ని పెట్టి చూడండి. ఒక్కొక్కరు వంద కిలోలకు అటూ ఇటూ. వాళ్లూ ఇలాగే వంగి, వాళ్లూ ఒక్క మాట మీద ఇటువైపు నూకుతుంటారు. మధ్యలో ఇటు ముగ్గురి తలలు, అటు ముగ్గురి తలలు ఒకదాని సందులో ఒకటి ఇరుక్కుని ఉంటాయి. రగ్బీలో దాని పేరు స్క్రమ్.

హైదరాబాద్ హీరోస్ చూపించనిది

2025 జూన్‌లో ముంబయిలో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక ఈ ఆట పేరు మన ఊళ్లలోనూ వినబడుతోంది. రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ పేరు ఆ లీగ్‌కు తగిలించి ఉండటం, ఆరు జట్లలో ఒకటి హైదరాబాద్ హీరోస్ కావడం అందుకు కారణం. తొలి టోర్నీని చెన్నై బుల్స్ ఎగరేసుకుపోయింది. అదలా ఉంచితే, ఫోన్లలో ఆ మ్యాచ్‌లు చూసిన కుర్రకారు అడిగే ప్రశ్న మాత్రం ఒకటే: కబడ్డీలా పట్టుకుంటున్నారు, ఖోఖోలా పరిగెడుతున్నారు, మరి ఈ ముగ్గురేసి తలలు ఆనించుకుని రెండు క్షణాలు నిలబడటం ఏమిటి?

ఆ లీగ్‌లో ఆడేది సెవెన్స్. జట్టుకు ఏడుగురు, మ్యాచ్ కాసేపట్లో అయిపోతుంది. స్క్రమ్‌లో ఇటు ముగ్గురు, అటు ముగ్గురు. బంతి ఇలా లోపలికి వెళ్లి అలా బయటికొస్తుంది. అసలు స్క్రమ్ చూడాలంటే జట్టుకు పదిహేను మంది ఆడే రగ్బీ చూడాలి. ఆ స్క్రమ్‌ను ఒక విద్యగా, ఒక పంతంగా చూసే నేల ఒకటుంది. ఫ్రాన్స్ నైరుతి మూల, పిరెనీస్ కొండల అంచున ఉన్న పల్లెలు.

[బాక్స్] ఎవరెక్కడ?
బంతి చేజారి ముందుకు పడినా, ముందుకు పాస్ ఇచ్చినా రిఫరీ ఆట ఆపి స్క్రమ్ ఇస్తాడు. ఒక్కో జట్టు నుంచి ఎనిమిది మంది దిగుతారు. ముందు వరుసలో ముగ్గురు: ఎడమ చివర లూజ్‌హెడ్ ప్రాప్ (1), మధ్యలో కాలితో బంతిని వెనక్కి లాగే హుకర్ (2), కుడి చివర టైట్‌హెడ్ ప్రాప్ (3). వెనక నుంచి తోసే పొడగరులు ఇద్దరు లాక్‌లు (4, 5). పక్కల ఫ్లాంకర్లు (6, 7). చిట్టచివర 8. బంతిని లోపలికి వేసేది స్క్రమ్ హాఫ్ (9).

ఆ చీకట్లో ఏం జరుగుతుంది

లూజ్‌హెడ్‌కు కొంత నయం. అతని తలకు ఎడమవైపు ఖాళీ. టైట్‌హెడ్‌కు ఆ సుఖం లేదు. అతని తలకు ఒకవైపు ఎదుటి హుకర్, ఇంకోవైపు ఎదుటి లూజ్‌హెడ్. ఇద్దరి బరువూ అతని మెడ మీదే. తన జట్టు లాక్ వెనక నుంచి తోస్తుంటాడు, ఎదుటి ఇద్దరూ ముందు నుంచి తోస్తుంటారు. మధ్యలో నలిగేది ఇతని వెన్నుపూస. మూడో నంబరు నిలబడితే స్క్రమ్ నిలబడుతుంది. అతను అరడుగు వెనక్కి తగ్గితే వెనకున్న ఏడుగురి బలమూ వృథా.

ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం వాళ్లు యంత్రాలు పెట్టి కొలిచారు. అంతర్జాతీయ జట్టు ఒకటి ఢీకొట్టినప్పుడు ఎనిమిది మందీ కలిసి పెట్టే బలం 16 వేల న్యూటన్ల దాకా పోయింది. ఒకటిన్నర టన్నులకు పైబడిన బరువు మీద పడటంతో సమానం. అదంతా ముందు వరుసలోని ముగ్గురి భుజాల గుండానే పోవాలి.

బలం ఉంటే చాలదా? చాలదు. ఎదుటివాడు ఛాతీ కింద తల దూర్చి పైకి లేపుతాడు. ఒక పక్కకు ఒరిగి పక్కటెముకల్లోకి తవ్వుతాడు. చంక దగ్గర జెర్సీ పట్టుకుని కిందికి లాగుతాడు, స్క్రమ్ కూలిపోతే తప్పు నీ మీదికి నెడతాడు. రిఫరీ ఒకవైపే నిలబడతాడు కాబట్టి రెండోవైపు జరిగేది అతనికి సగమే తెలుస్తుంది. టీవీ కెమెరాకు అదీ దొరకదు, పైనుంచి చూస్తే వీపులు తప్ప ఏమీ కనపడవు. ఏ మాజీ ప్రాప్‌ను అడిగినా లోపల ఏం జరిగిందో సగం చెప్పి సగం నవ్వేస్తాడు.

మనకు బలం అంటే గుర్తొచ్చేది కోడి రామ్మూర్తినాయుడు. వీరఘట్టం నుంచి వచ్చిన ఆ మల్లుడు ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులు తెంచాడని, కార్లను తాళ్లతో పట్టి నిలిపాడని, ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకున్నాడని తాతలు చెబితే విన్నాం. అది వేలమంది ముందు, దీపాల వెలుగులో చూపించే బలం. ప్రాప్ బలం అలాంటిది కాదు. ఎనభై వేల మంది కూర్చున్న స్టేడియంలో కూడా అది కనపడే చోటు ఎదుటివాడి మొహం ఒక్కటే.

ఫెయాస్ నుంచి వచ్చిన జూడో కుర్రాడు

రొబేర్ పాపరాంబోర్డ్ 1948 జులై 5న ఫెయాస్‌లో పుట్టాడు. పిరెనీస్ కొండల పాదాల దగ్గర, బేయార్న్ ప్రాంతంలో చిన్న పల్లె అది. గొర్రెలు, ఆవులు, జున్ను, చలికాలంలో కొండలమీద మంచు. ఆ ప్రాంతంలో చర్చి లేని ఊరు ఎలా ఉండదో రగ్బీ స్తంభాలు లేని ఊరూ దాదాపు అలాగే ఉండదు. కానీ కుర్రవాడికి ముందు అబ్బింది రగ్బీ కాదు, జూడో. బ్లాక్ బెల్ట్ సాధించాడు.

తర్వాత పో పట్టణానికి చెందిన సెక్సియోఁ పాలువాజ్ క్లబ్బులో చేరి రగ్బీలో స్థిరపడ్డాడు. జాతీయ జట్టులోకి రావడానికి 1975 దాకా పట్టింది. దక్షిణాఫ్రికా పర్యటనకు ఎంపికైనప్పుడు అతనికి ఇరవై ఏడేళ్లు నిండబోతున్నాయి. మైదానం అంచుల్లో పరుగెత్తే వింగర్లకు ఆ వయసులో కాళ్లు నెమ్మదించడం మొదలవుతుంది. ప్రాప్‌కు మాత్రం అప్పుడే పని తెలియడం మొదలవుతుంది. ఈ ఉద్యోగంలో అనుభవానికి దొడ్డిదారి లేదు. ఎన్నిసార్లు మెడ విరిచే స్క్రమ్‌లో దిగి లేచావన్నదే లెక్క.

అతనిలో రెండు సంగతులు ప్రత్యర్థుల్ని విసిగించేవి. ఒకటి భుజాలు. మామూలుగా ప్రాప్ అంటే బల్ల పరచినట్టు వెడల్పు భుజాలుంటాయనుకుంటాం. ఇతని భుజాలు మెడ నుంచి కిందికి వాలిపోయి ఉండేవి. చూసేవాళ్లకు అది లోపం అనిపిస్తుంది. ఎదుటి లూజ్‌హెడ్‌కు మాత్రం అది నరకం. ఆనించుకోవడానికి అంచు దొరకదు, తల దూర్చి పైకి లేపుదామంటే జారిపోతుంది. బ్రిటన్ ప్రాప్‌లు అతన్ని ఎక్కడ పట్టుకోవాలో తెలియక తల పట్టుకున్నారు. రెండోది జూడో. ఎదుటివాడి తోపును అడ్డుకోకుండా దాన్నే దారి మళ్లించడం, నడుమును కిందికి దించి పాదాల బరువు మార్చుకుంటూ ఉండటం అతనికి చిన్నప్పటి నుంచి ఒంటబట్టిన పని. ఎవడైనా ఊపుగా మీదికొస్తే వాడి ఊపే వాడి కొంప ముంచేది.

ఇంకో వింత. ప్రాప్‌లు ట్రైలు (ఎదుటివాళ్ల గోల్ లైన్ దాటి బంతిని నేలకు ఆనించడం) చెయ్యరు, చెయ్యనక్కర్లేదు కూడా. పాపరాంబోర్డ్ ఫ్రాన్స్ తరఫున 55 టెస్టుల్లో, అంటే అంతర్జాతీయ మ్యాచ్‌ల్లో, ఎనిమిది ట్రైలు చేశాడు. జూడో ఇచ్చిన సమతూకం ఉన్నవాణ్ని గోల్ లైన్ దగ్గర ఒకరిద్దరు పట్టుకుంటే ఆగుతాడా!

పదిహేను మంది, నాలుగు మ్యాచ్‌లు

1977. అప్పట్లో ఏటా జనవరి నుంచి మార్చి దాకా జరిగే టోర్నీలో అయిదు దేశాలే ఉండేవి: ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్, ఫ్రాన్స్. నలుగురినీ ఓడిస్తే గ్రాండ్ స్లామ్. ఫ్రాన్స్ కెప్టెన్ జాక్ ఫురూ. అయిదడుగుల నాలుగంగుళాల స్క్రమ్ హాఫ్, నోరు మాత్రం ఆరడుగులు. 'చిన్న కార్పొరల్' అని పిలిచేవారు, నెపోలియన్‌కు ఉన్న ముద్దుపేరు అది. ఆ పొట్టివాడు తన ముందు ఎనిమిది మంది కొండల్లాంటి వాళ్లను పెట్టుకుని, ఆటంతా వాళ్ల భుజాల మీదే నడిపాడు. అందం తక్కువ, బలం ఎక్కువ అని పారిస్ పత్రికల వాళ్లు సణిగారు కూడా.

ముందు వరుసలో ఎడమవైపు జెరార్ షొలే. సైన్యంలో పారాచూట్ దళంలో పనిచేసినవాడు, బాక్సర్. మధ్యలో అలేన్ పాకో. కుడివైపు పాపరాంబోర్డ్. షొలేను చూస్తే భయమేస్తుంది. పాపరాంబోర్డ్‌ను చూస్తే భయమెయ్యదు, అదే అతనితో ప్రమాదం. స్కాట్లండ్ మ్యాచ్‌లో షొలే పిడికిలి దెబ్బలకు ఎదుటివాళ్లు ఎలా నేలకూలారో రగ్బీ అభిమానులు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. అది ఆటలో భాగమా అంటే కాదు. ఈ రోజుల్లో అయితే ఎర్రకార్డు పడి ఇంటికి పోయేవాడు. ఆ కాలం రగ్బీని తలచుకుని మురిసిపోయేవాళ్లు ఈ ముక్కను కాస్త మెత్తగా దాటేస్తారు.

మొదట పారిస్‌లో వేల్స్ మీద 16-9. ఆ రోజుల్లో వేల్స్‌కు పాంటిపూల్ ముందు వరుస అని పేరుమోసిన త్రయం ఉండేది. లండన్‌లో ఇంగ్లండ్ మీద 4-3. చదవడానికే నవ్వొచ్చే స్కోరు. ఫ్రాన్స్ ఒక్క ట్రై చేసింది, అప్పట్లో ట్రైకి నాలుగు పాయింట్లు. ఇంగ్లండ్ కిక్కర్ ఆరు కిక్కుల్లో అయిదు పోగొట్టాడు. తర్వాత స్కాట్లండ్ మీద 23-3. చివరగా డబ్లిన్‌లో ఐర్లండ్ మీద 15-6.

నాలుగు మ్యాచ్‌లకూ అదే పదిహేను మంది. ఒక్క మార్పు లేదు. నాలుగు మ్యాచ్‌ల్లో కలిపి ఎదుటివాళ్లు ఒక్క ట్రై కూడా చెయ్యలేకపోయారు. ఎనిమిది మంది కలిసి తోయడమే ఆయుధం అయినప్పుడు, వాళ్లు మారకుండా ఉండటమే సగం గెలుపు. పక్కవాడి ఊపిరి ఎప్పుడు బిగుస్తుందో మిగతావాళ్లకు తెలిసిపోతుంది.

1979 జులై 14న, అంటే ఫ్రాన్స్ జాతీయ దినోత్సవం నాడు, న్యూజిలాండ్ గడ్డ మీద, ఆక్లాండ్‌లో ఫ్రాన్స్ 24-19తో ఆ దేశపు జట్టు ఆల్ బ్లాక్స్‌ను ఓడించింది. అప్పటి కెప్టెన్ బంగారు జుట్టు జాన్ పియెర్ రీవ్. ఫోటోలన్నీ అతనివే. మూడో నంబరు పాపరాంబోర్డ్‌దే. 1981లో మళ్లీ గ్రాండ్ స్లామ్. 1983తో అతని అంతర్జాతీయ ఆట ముగిసింది.

ఇంత చేసినా జీతం లేదు. 1995 దాకా రగ్బీ అధికారికంగా అమెచ్యూర్ ఆట. ఉద్యోగం ఒకటి చేసుకుంటూనే సాయంత్రాలు సాధన, ఆదివారాలు మెడ నొప్పి. ఆట మానేశాక పాపరాంబోర్డ్ పారిస్ చేరి రేసింగ్ క్లబ్ వ్యవహారాలు చూశాడు. ఆ జట్టులో స్క్రమ్‌లో దిగకుండా వెనక ఆడే కుర్రాళ్లు గులాబీ రంగు బో టైలు కట్టుకుని ఫైనల్ ఆడే బాపతు. కొండల్లోంచి వచ్చిన ప్రాప్‌కు, ఆ షోకిలా బృందానికి ఎలా పొసిగిందో గానీ, 1990లో రేసింగ్ ఫ్రెంచ్ చాంపియన్ అయింది. 2001 ఏప్రిల్‌లో క్యాన్సర్‌తో అతను పోయినప్పుడు వయసు 52.

[బాక్స్] బంతి పట్టుకున్న బాల యేసు
నైరుతి ఫ్రాన్స్‌లో లారివియేర్ అనే ఊరి గుట్ట మీద రగ్బీ మాత పేరిట ఒక చిన్న ప్రార్థనామందిరం ఉంది. 1964లో డాక్స్ క్లబ్ ఆటగాళ్లు ముగ్గురు కారు ప్రమాదంలో పోయారు. వాళ్ల జ్ఞాపకంగా ఆ ప్రాంతపు పాదిరి మిషెల్ దెవేర్ పాడుబడిన మందిరాన్ని బాగుచేయించి 1967లో తెరిపించాడు. కిటికీ రంగుటద్దాల మీద రగ్బీ దృశ్యాలు, మేరీ మాత ఒడిలోని శిశువు చేతిలో కోలబంతి. గోడల నిండా ప్రపంచం నలుమూలల నుంచి ఆటగాళ్లు తెచ్చి వేలాడదీసిన జెర్సీలు.

పొట్టివాడూ గట్టివాడే

పాపరాంబోర్డ్ తర్వాత ఆ 3 నంబరు జెర్సీకి వారసులు చాలామందే వచ్చారు. అందరిలోకీ స్క్రమ్ ఒక్కటే నమ్ముకుని పేరు తెచ్చుకున్నవాడు నికొలా మాస్. 1980లో పెర్పిన్యాలో పుట్టాడు, స్పెయిన్ సరిహద్దులో కటలాన్ భాష మాట్లాడే ఊరది. భాష ఒకటి, పాలన ఇంకొకటి, పక్కనే సరిహద్దు. మూడు రాష్ట్రాల మధ్య బతికే కుప్పం వాళ్లకు ఆ ఊరి తీరు వెంటనే అర్థమవుతుంది. 2003లో న్యూజిలాండ్ మీద మొదటి టెస్టు, 2015 దాకా మొత్తం 85 టెస్టులు. 2009లో అతని పెర్పిన్యా జట్టు ఫ్రెంచ్ చాంపియన్‌షిప్ గెలిచింది, ఆ ఊరికి అది 1955 తర్వాత మొదటిది. ఆ రాత్రి అక్కడ ఎవరు నిద్రపోయి ఉంటారు?

2010లో ఫ్రాన్స్ గ్రాండ్ స్లామ్ కొట్టింది. మాస్ కుడివైపు, విలియం సెర్వా మధ్యలో, ఎడమవైపు తొమా దొమింగో. దొమింగో ఎత్తు 1.73 మీటర్లు, మన లెక్కలో అయిదడుగుల ఎనిమిది. మదనపల్లె బస్టాండులో పక్కన నిలబడితే గుర్తుపట్టం. కానీ అతను ఎదుటివాడి రొమ్ము కిందికి దూరితే అంత సులభంగా బయటికి రాడు. పారిస్‌లో ఇంగ్లండ్‌తో ఆఖరి మ్యాచ్ 12-10తో గెలిచారు. ఫ్రాన్స్ ఒక్క ట్రై కూడా చెయ్యలేదు. పన్నెండు పాయింట్లూ కిక్కులే. స్క్రమ్‌లో ఎదుటివాడు కూలితే పెనాల్టీ, పెనాల్టీకి మూడు పాయింట్లు. ముందు వరుస నొప్పిని పాయింట్లుగా మార్చే లెక్క ఇదే. ఫ్రెంచ్ క్లబ్బులు మంచి టైట్‌హెడ్ కోసం డబ్బు సంచులు విప్పడానికి కారణమూ ఇదే.

మరుసటి ఏడాది ప్రపంచకప్ ఫైనల్. ఆక్లాండ్‌లో న్యూజిలాండ్ 8, ఫ్రాన్స్ 7. మాస్ ఆ రోజూ ఆడాడు. ఒక్క పాయింటు.

ఇటీవలివాళ్లలో ఉయినీ అటోనియో పేరు చెప్పాలి. న్యూజిలాండ్‌లో సమోవా కుటుంబంలో పుట్టి, లా రొషెల్ క్లబ్బుకు వచ్చి ఫ్రాన్స్‌కు ఆడినవాడు. ఎత్తు 1.96 మీటర్లు, బరువు దాదాపు 145 కిలోలు. పాపరాంబోర్డ్‌కూ ఇతనికీ ఆకారంలో పోలికే లేదు. కబడ్డీలో సీనియర్ పురుషులకు 85 కిలోల హద్దు ఉంది. స్క్రమ్‌కు హద్దంటూ లేదు. అయినా బరువు ఒక్కటే పని చేసిపెడుతుందని అనుకుంటే పొరపాటు. అంత ఎత్తున్నవాడు దొమింగో లాంటివాడి ఎదుట దిగాలంటే ఎంత వంగాలో, ఆ వంగిన నడుములో ఎంత పట్టుండాలో ఒక్కసారి లెక్క వేసుకోండి.

మెడ ఖరీదు

ప్రాప్‌ను దగ్గర నుంచి చూస్తే ముందుగా కనపడేవి చెవులు. ఏళ్ల తరబడి ఎదుటివాడి తలకు రాసుకుని రాసుకుని లోపల రక్తం గడ్డకట్టి, గట్టిపడి, ముడుచుకుపోయి ఉంటాయి. చెవి రంధ్రం ఎక్కడుందో వెతుక్కోవాలి. జూడో వాళ్లకూ, కుస్తీ వాళ్లకూ ఇదే ఆనవాలు. అందుకే కొందరు మ్యాచ్‌కు ముందు తల చుట్టూ టేపు చుట్టించుకుంటారు. చెవి పోయినా ఫరవాలేదు. పోకూడనిది మెడ.

స్క్రమ్ కూలినప్పుడు తల నేలకు తగిలి, వెనక నుంచి బరువు ఆగకుండా మీద పడితే వెన్నుపాము దెబ్బతింటుంది. మెడ కింద కదలిక లేకుండా చక్రాల కుర్చీకి పరిమితమైన ఆటగాళ్లు అన్ని రగ్బీ దేశాల్లోనూ ఉన్నారు. ఫ్రాన్స్‌లో అలాంటివారిని ఆదుకోవడానికి రగ్బీ సమాఖ్య మాజీ అధ్యక్షుడు అల్బేర్ ఫెరాస్ పేరిట ఒక నిధి ఉంది.

నిబంధనలు మారింది ఈ భయంతోనే. పాతరోజుల్లో రెండు ముఠాలు దూరం నుంచి వచ్చి పొట్టేళ్లలా ఢీకొనేవి. 2007లో రిఫరీ నాలుగు మాటలు చెబితే గానీ ఢీకొనకూడదన్నారు. 2013 నాటికి దాన్నీ మార్చి మూడు చేశారు: వంగు, పట్టుకో, కలువు. ముందే ఎదుటివాడి జెర్సీ పట్టుకుని ఉంటారు కాబట్టి దూకే దూరం తగ్గింది, ఢీకొనే బలం దాదాపు పాతిక శాతం తగ్గిందని పరిశోధకులు చెప్పారు. పంతొమ్మిదేళ్ల లోపు వాళ్ల ఆటలో ఒకటిన్నర మీటరుకు మించి తోయకూడదు. ముందు వరుసలో ఆడేందుకు తర్ఫీదు పొందినవాళ్లు గాయపడి బయటికి పోతే, వాళ్ల బదులు ఎవర్ని పడితే వాళ్లను దింపకూడదు. శిక్షణ ఉన్నవాళ్లు లేకపోతే తోపు లేని స్క్రమ్ ఆడాల్సిందే. ఫ్రాన్స్‌లో 1996 నుంచి 2006 దాకా లెక్కలు తీస్తే తీవ్రమైన మెడ గాయాలు తగ్గుతూ వచ్చాయి. పాత ప్రాప్‌లు కొందరు ఈ మార్పుల్ని చూసి ఆట మెత్తబడిందంటారు. వాళ్లతో వాదించడానికి నాకు ఓపిక లేదు. మెడ వాళ్లది కాదు, ఇప్పుడు ఆడుతున్న పిల్లలది.

[బాక్స్] మన రూపాయలతో చేసిన కప్పు
రగ్బీ మన దేశానికి కొత్తదేమీ కాదు. 1872 క్రిస్మస్ నాడు కలకత్తాలో తెల్లవాళ్లు రగ్బీ ఆడారు, మరుసటి ఏడాది క్లబ్బు పెట్టారు. 1878లో ఆ క్లబ్బు మూతపడేటప్పుడు బ్యాంకు ఖాతాలో మిగిలిన 270 వెండి రూపాయలు తీసి, కరిగించి కప్పు చేయించారు. మూడు పిడులు మూడు నాగుపాములు, మూత మీద ఏనుగు. దాన్ని ఇంగ్లండ్‌కు పంపారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ జట్లు 1879 నుంచి ఈనాటి దాకా కొట్టుకుంటున్న కలకత్తా కప్పు అదే.

ఒక్క చేతి సైగ

2023 అక్టోబరు 15. పారిస్‌లో ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్. ఫ్రాన్స్ సొంతగడ్డ మీద దక్షిణాఫ్రికాతో ఆడుతోంది. ఫ్రాన్స్ తన్నిన బంతి గాల్లో నుంచి వస్తే, దక్షిణాఫ్రికా ఆటగాడు డామియన్ విల్లెమ్సె తన గోల్ దగ్గర దాన్ని శుభ్రంగా పట్టి 'మార్క్' అని అరిచాడు. అలా పట్టినవాడికి ఫ్రీకిక్ దక్కుతుంది. ఎవరైనా ఏం చేస్తారు? బంతిని దూరంగా తన్ని ఊపిరి పీల్చుకుంటారు. విల్లెమ్సె తన్నలేదు. స్క్రమ్ కావాలని చేతులతో సైగ చేశాడు. తమ గోల్ ముందు, లక్షల మంది ఫ్రెంచివాళ్లు చూస్తుండగా! స్టేడియం ఒక్క క్షణం తెల్లబోయింది.

అది ఫ్రాన్స్ మొహం మీద విసిరిన సవాలు. మీరు దేన్ని మీ విద్య అనుకుంటారో దాంట్లోనే తేల్చుకుందాం రండి అని. 2019 ప్రపంచకప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా స్క్రమ్ ఇంగ్లండ్‌ను నలగ్గొట్టి 32-12తో కప్పు పట్టుకుపోయిన సంగతి అందరికీ గుర్తుంది. మొదటి సగంలో ఆడినవాళ్లను కూర్చోబెట్టి, అలసట లేని ముందు వరుసను బెంచీ నుంచి దింపడం వాళ్ల పద్ధతి. దానికి 'బాంబ్ స్క్వాడ్' అని పేరు. ఆ రాత్రి దక్షిణాఫ్రికా 29, ఫ్రాన్స్ 28. మళ్లీ ఒక్క పాయింటే.

ఏడాది తిరగకముందే, 2024 జులై నుంచి ప్రపంచ రగ్బీ సంస్థ నిబంధన మార్చింది. ఫ్రీకిక్ వస్తే ఇక స్క్రమ్ కోరుకోవడం కుదరదు. ఆట వేగం పెరగాలి, చూసేవాళ్లకు విసుగు పుట్టకూడదు అన్నది వాళ్ల మాట. స్క్రమ్‌ను క్రమంగా కాగితం మీద మిగిల్చే ప్రయత్నమిది అన్నది ప్రాప్‌ల మాట. ఫ్రాన్స్ ఏం చేసింది? తనూ ఆ బాంబ్ స్క్వాడ్ దారే పట్టింది. 2025 మార్చిలో డబ్లిన్‌లో ఐర్లండ్‌తో మ్యాచ్‌కు ఎనిమిది మంది బెంచీ ఆటగాళ్లలో ఏడుగురు స్క్రమ్‌కు పనికొచ్చేవాళ్లనే పెట్టి 42-27తో గెలిచింది. నిబంధన ఎటు మారినా ఆ కొండపల్లెల బుద్ధి మారేలా లేదు.

మన ఎర్రనేల మీద కుదురుతుందా?

సంక్రాంతి ముగిశాక కుప్పం చుట్టుపక్కల జల్లికట్టులో కోడెల మీదికి దూకే కుర్రాళ్లను చూసినవాడెవడూ మనవాళ్లకు తెగువ లేదనడు. పుంగనూరు హైస్కూలు మైదానాల్లో సాయంత్రం పూట కబడ్డీ ఆడే పిల్లల చేతిపట్టు చూసినా అంతే. వాళ్లలో ఎవరైనా రగ్బీ ఆడొచ్చా అంటే, సెవెన్స్ నిక్షేపంగా ఆడొచ్చు. మన దేశంలో ఎదుగుతున్నదీ అదే. పదిహేను మంది ఆటకు, అందులోనూ స్క్రమ్‌కు, తొందరపడటం మాత్రం మంచిది కాదు. ముఖ్యమైన అడ్డంకి నేల. ఫ్రెంచి పల్లెల్లో మోకాలు పడితే దిగబడే పచ్చికమట్టి. మన దగ్గర మే నెలలో గొర్రు కూడా దిగని గరుసు నేల. ఆ నేల మీద స్క్రమ్ కూలితే ఏమవుతుందో పైన చెప్పుకున్నాం. మెడ కండరాల్ని పెంచే కసరత్తు, తల ఎక్కడ పెట్టాలో దగ్గరుండి నేర్పే కోచ్, మెత్తని మైదానం లేకుండా ఏ పీఈటీ సారు అయినా ఫోనులో వీడియో చూపించి పిల్లల్ని వంగి ఢీకొట్టమంటే తల్లిదండ్రులు అడ్డం పడాలి.

చూడటానికైతే ఏ అడ్డూ లేదు. ఫిబ్రవరి, మార్చిల్లో సిక్స్ నేషన్స్ టోర్నీ వస్తుంది, పాత అయిదు దేశాలకు 2000లో ఇటలీ తోడైంది. ఫ్రాన్స్ మ్యాచ్‌లో స్క్రమ్ పడగానే కళ్లు బంతి మీద నుంచి తీసి 3 నంబరువాడి కుడిచేతి మీద పెట్టండి. ఎదుటివాడి వీపు మీద జెర్సీ పట్టుకుని మోచెయ్యి పైకెత్తి ఉంటే అతను నిలదొక్కుకున్నట్టు. మోచెయ్యి నేలవైపు తిరిగితే ఎదుటివాణ్ని లాగడానికో, తనే కూలడానికో సిద్ధమైనట్టు. అప్పుడు పాదాలు చూడండి, వెనక్కి చిన్నచిన్న అడుగులు పడుతున్నాయా? పడుతుంటే ఈల ఎవరి మీద మోగుతుందో రిఫరీ కన్నా ముందే పక్కవాళ్లకు చెప్పి పందెం గెలుచుకోవచ్చు.